కుక్కో పిల్లో ఏదైనా మింగేస్తే: మొదటి నిమిషం నుంచి ఆపరేషన్ తర్వాతి వారం దాకా

సాక్సుల జతలో ఒకటి కనబడదు. బొమ్మకున్న ప్లాస్టిక్ కన్ను ఊడిపోయి ఉంటుంది. సూదీ దారం పెట్టిన చోట రెండూ ఉండవు. కుక్కో పిల్లో మాత్రం ఏమీ జరగనట్టు ఇల్లంతా తిరుగుతుంటుంది. అలాంటప్పుడు కొందరు కంగారుపడి ఉప్పునీళ్లు పట్టించి వాంతి చేయించబోతారు. ఇంకొందరు "బాగానే ఉందిగా, రేపటికి అదే బయటికొచ్చేస్తుంది" అని ఊరుకుంటారు. రెండూ ప్రమాదమే.

మింగిన మొదటి కొన్ని గంటలు చాలా జంతువులు బాగానే కనిపిస్తాయి. నీరసం, వాంతులు మొదలయ్యేసరికి ఆ వస్తువు ఎక్కడో ఇరుక్కుపోయి ఉండొచ్చు, లోపల గాయం కూడా అయి ఉండొచ్చు. అందుకే ఎంతసేపు ఆగొచ్చన్నది దాని వాలకాన్ని బట్టి నిర్ణయించకండి. అది ఏం మింగింది, ఎప్పుడు మింగింది అన్న రెండు ప్రశ్నలకు వచ్చే జవాబును బట్టి నిర్ణయించండి.

ముందు ఊపిరి చూడండి

వస్తువు గొంతులో శ్వాసనాళానికి అడ్డం పడటం వేరు, కడుపులోకి దిగడం వేరు. మొదటిది నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. పంజాతో నోటిని రక్కుకోవడం, మెడ చాచి గాలి కోసం తన్నుకోవడం, ఛాతీ ఎగసిపడుతున్నా గాలి చప్పుడు లేకపోవడం, నాలుక, చిగుళ్లు నీలంగా మారడం దీని గుర్తులు.

గట్టిగా దగ్గుతూ ఉంటే కొంత గాలి ఆడుతున్నట్టే. అప్పుడు దాన్ని పట్టి కుదపకండి, దగ్గనివ్వండి, వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి. గాలి అసలు ఆడకపోతే మాత్రం అక్కడికక్కడే ఈ వరుసలో చేయండి. పక్కన ఇంకొకరుంటే వాళ్లు వెట్‌కు, అంటే పశువుల డాక్టరుకు, ఫోన్ చేసి, బండి సిద్ధం చేయాలి.

1. నోరు తెరిచి చూడండి. వస్తువు కంటికి కనబడి, వేళ్లకు చిక్కేలా ఉంటేనే తీయండి. కనబడకుండా వేలు లోపలికి తోస్తే అది ఇంకా కిందికి దిగుతుంది. నాలుక మొదట్లో వేలికి చిన్న ఎముకలు తగులుతాయి. అవి దాని గొంతు ఎముకలే. ఏదో ఇరుక్కుందనుకుని వాటిని లాగేవాళ్లున్నారు, అలా చేయకండి. భయంతో ఉన్న జంతువు ఎంత ప్రేమగా పెంచిన మనిషినైనా కరవగలదు, కాబట్టి చేతులు జాగ్రత్త.

2. బంతిలాంటిది ఇరుక్కుంటే బయటి నుంచే ప్రయత్నించండి. దవడ కింద, గొంతు మీద రెండు బొటనవేళ్లు ఆనించి, వస్తువుకు కింది వైపు నుంచి నోటి వైపు నెట్టండి.

3. పిల్లినీ చిన్న కుక్కనూ తల కిందికి వచ్చేలా వెనక కాళ్ల దగ్గర, నడుం దగ్గర పట్టుకోండి. పెద్ద కుక్కయితే వెనక కాళ్లు మాత్రం పైకెత్తండి. భుజాల మధ్య అరచేత్తో 4, 5 సార్లు గట్టిగా చరచండి.

4. రాకపోతే చివరి పక్కటెముక దాటాక వచ్చే మెత్తటి చోట పిడికిలి ఆనించి, లోపలికీ తల వైపుకీ ఒక్క ఊపున 4, 5 సార్లు నొక్కండి. ప్రతి విడత తర్వాతా నోట్లో చూడండి. చిన్న జంతువైతే రెండు మూడు వేళ్ల బలం చాలు.

5. స్పృహ తప్పి, ఊపిరి ఆగితే పక్కకు పడుకోబెట్టి ఛాతీ మీద నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో నొక్కండి. ఛాతీ వెడల్పులో మూడో వంతు నుంచి సగం దాకా లోపలికి దిగాలి. ప్రతి 30 నొక్కులకు నోరు మూసిపట్టి ముక్కులోంచి రెండుసార్లు గాలి ఊదండి. బండిలో వెళ్తూ కూడా ఇది ఆపకండి.

వస్తువు బయటపడి, జంతువు తేరుకున్నా అదే రోజు వెట్‌కు చూపించండి. గొంతు లోపల చీరుకుపోయి ఉండొచ్చు. కొన్ని జంతువుల్లో ఊపిరి ఆగి తిరిగొచ్చిన కొన్ని గంటలకు ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

ఊపిరి బాగుంటే మొదటి పది నిమిషాలు

మిగిలిన ముక్కలన్నీ దానికి అందకుండా తీసేయండి. ఇంట్లో ఇంకో జంతువుంటే వేరే గదిలో పెట్టండి, అది కూడా మింగి ఉండొచ్చు. తర్వాత ముక్కలు పేర్చి చూడండి. చిరిగిన బొమ్మనో తెగిన తాడునో నేల మీద పరిచి కలిపితే ఎంత భాగం లేదో తెలిసిపోతుంది. ఇది చిన్న పనిలా అనిపిస్తుంది కానీ ఆపరేషన్ కావాలా అక్కర్లేదా అన్నది చాలాసార్లు దీని మీదే ఆధారపడుతుంది. "ఏదో గుడ్డ మింగినట్టుంది" అనే మాటకూ "అరచేయంత గుడ్డ, అంచుకు పొడుగాటి దారం ఉంది" అనే మాటకూ వెట్ తీసుకునే నిర్ణయంలో చాలా తేడా ఉంటుంది.

అలాంటిదే ఇంకొకటి ఇంట్లో ఉంటే వెంట తీసుకెళ్లండి: జతలో రెండో సాక్సు, అదే సైజు బ్యాటరీ, ప్యాకెట్, డబ్బా. ఆ వస్తువును చివరిసారి చెక్కుచెదరకుండా ఎప్పుడు చూశారో రాసుకోండి. మింగడం కళ్లారా చూడకపోతే, ఆ సమయం నుంచే లెక్క మొదలుపెట్టాలి.

తిండి పెట్టకండి. మత్తు ఇవ్వాల్సి వస్తే నిండు కడుపు ప్రమాదం, పొట్టలోంచి పైకి వచ్చింది ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. నీళ్లు ఇవ్వొచ్చా అన్నది ఫోన్‌లో అడగండి.

ఫోన్‌లో చెప్పాల్సింది ఇంతే: "మా కుక్కకు 3 ఏళ్లు, 12 కిలోలు. అరగంట కింద రబ్బరు బొమ్మలో బొటనవేలంత ముక్క మింగింది. ఊపిరి బాగానే ఉంది, వాంతి కాలేదు. పొద్దున తిండి తిన్నది. వేరే జబ్బుల్లేవు, మందులేం వాడట్లేదు." చొంగ కారుతోందా, మింగలేక మాటిమాటికీ గుటకలు వేస్తోందా అన్నది కూడా చెప్పండి. అవి వస్తువు అన్నవాహికలో ఆగిందనడానికి గుర్తులు. ఇక్కడ ఒక తేడా గమనించాలి. పొట్ట ఎగరేస్తూ, డోకుతూ కక్కితే అది వాంతి. ఏ శ్రమా లేకుండా తిన్నది తిన్నట్టు జారి పడిపోతే అది కడుపు దాకా వెళ్లనే లేదు. ఏది జరిగిందో చెబితే వెట్‌కు వెతకాల్సిన చోటు తెలుస్తుంది. వీలైతే ఫోన్‌లో వీడియో తీసి ఉంచండి.

ఆలోచించకుండా బయలుదేరాల్సినవి

కొన్ని వస్తువుల విషయంలో లక్షణాల కోసం ఎదురుచూడకూడదు. రాత్రయినా, సెలవు రోజైనా వెళ్లాల్సిందే.

బటన్ బ్యాటరీలు: రిమోట్లలో, కారు తాళాల్లో, తూకం మిషన్లలో, వెలిగే బొమ్మల్లో ఉండే గుండ్రటి బిళ్లలు. తడిగా ఉన్న లోపలి పొరకు ఆనగానే వాటిలోంచి కరెంటు ప్రవహించి, ఒక వైపు గాఢమైన క్షారం తయారవుతుంది. అన్నవాహికలో ఆగితే 15 నుంచి 30 నిమిషాల్లోనే గోడ కాలడం మొదలవుతుంది. తర్వాత చిల్లు పడొచ్చు. నయమయ్యాక కూడా ఆ చోట గొట్టం ఇరుకై తిండి దిగకపోవచ్చు. 3 వోల్టుల లిథియం బిళ్లలు మరీ చెడ్డవి. పనిచేయడం మానేసిన పాత బిళ్లలోనూ ఈ గాయం చేసేంత శక్తి మిగిలి ఉంటుంది. వాంతి చేయించకండి, కాలిన గోడ మీదుగా అది మళ్లీ పైకి రావాల్సి వస్తుంది. మామూలు పెన్సిల్ సెల్ కొరికి పగలగొట్టినా ఆగకండి. నోట్లో పుండ్లు కొన్ని గంటల తర్వాత గానీ కనబడవు.

అయస్కాంతాలు: నునుపైన ఒక్కటే అయితే బయటికి వచ్చేయొచ్చు. రెండు మింగితే, లేదా ఒక అయస్కాంతంతో పాటు ఏదైనా ఇనుప ముక్క మింగితే, పేగులోని వేర్వేరు మడతల్లోంచి అవి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మధ్యలో నలిగిన పేగు గోడకు రక్తం అందదు, అక్కడ చిల్లు పడుతుంది. ఒక్కటే మింగిందని మీరు నమ్ముతున్నా ఎక్స్-రే తీసి లెక్క తేల్చుకోవాలి.

దారం, రిబ్బన్, ఊలు, నైలాన్ తీగ, టేపు: చూడ్డానికి వీటంత అమాయకమైనవి ఉండవు. పిల్లుల్లో ఇంతకన్నా భయపడాల్సింది తక్కువ. పిల్లి నాలుక మీది ముళ్లు గొంతు వైపుకు వంగి ఉంటాయి, దారం ఒకసారి చిక్కితే ఉమ్మడం దానికి కష్టం, మింగుతూ పోవాల్సిందే. దారం ఒక కొస నాలుక కిందో కడుపు చివరో పట్టుకుని ఆగిపోతుంది. మిగతాది పేగులోకి దిగుతుంది. పేగు దాన్ని ముందుకు తోయాలని చూసే కొద్దీ, నాడా బిగిస్తే గుడ్డ కుచ్చిళ్లు పడ్డట్టు పేగంతా దారం మీదికి ముడుచుకుంటుంది. బిగిసిన దారం లోపలి గోడను కోసేస్తుంది, ఒకే చోట కాదు, చాలా చోట్ల.

అందుకే నోట్లోంచి గానీ మలద్వారంలోంచి గానీ దారం వేలాడుతుంటే లాగొద్దు. చాలామందికి ఇది చెయ్యి ఆగని పని, అయినా ఆపుకోండి. కత్తిరించొద్దు కూడా. జంతువు దాన్ని లాక్కోకుండా, ఇంకా మింగకుండా చూసుకుంటూ తీసుకెళ్లండి. చేపల గాలం మింగినా ఇంతే. బయటికున్న తీగను మెడపట్టీకి వదులుగా కట్టి ఉంచండి, గాలం ఎక్కడుందో వెతకడానికి వెట్‌కు అదే దారి చూపిస్తుంది.

తేమ తగిలితే పొంగే పాలీయురెతేన్ జిగురు: కొన్ని చుక్కలే అనుకుంటారు కానీ అది కడుపులో ఎన్నో రెట్లు ఉబ్బి రాయిలా గట్టిపడి, కడుపు ఆకారంలోనే కూర్చుంటుంది. వాంతి చేయించకూడదు.

సూదులు, పిన్నులు, గాజు, బ్లేడ్లు, ఉడికించిన ఎముకల చీలికలు కూడా ఈ జాబితాలోవే. గింజలు ఒలిచిన మొక్కజొన్న కంకి, పెద్ద పండ్ల టెంకలు అరగవు, చిన్న, మధ్యరకం కుక్కల పేగులో సరిగ్గా బిరడాలా ఇరుక్కుంటాయి, వాటికీ అదే రోజు ఫోన్ చేయాలి. జింక్ ఉన్న నాణేలు, నట్లు కడుపులోని ఆమ్లానికి కరిగి రక్తకణాలను పగలగొడతాయి. మాత్రల అట్ట, చూయింగ్ గమ్, సిగరెట్ పీక లాంటివైతే వస్తువు కన్నా దానిలోని విషం ముందు పనిచేస్తుంది. చక్కెరకు బదులు వాడే జైలిటాల్ అనే తీపి పదార్థం ఉన్న గమ్ తిన్న కుక్కకు గంటలోపే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. ప్యాకెట్ మీద ఏం రాసుందో ఫోన్‌లో చదివి వినిపించండి.

ఇంట్లో చేయకూడనివి

వాంతి చేయించడం మొదటిది. మెత్తగా, చిన్నగా ఉన్న వస్తువు ఇంకా కడుపులోనే ఉంటే వాంతితో బయటికి తెప్పించడం మంచి పద్ధతే. కానీ ఆ నిర్ణయం వెట్ తీసుకోవాలి. వాళ్ల దగ్గర కుక్కలకు నిమిషాల్లో పనిచేసే ఇంజెక్షన్ ఉంటుంది, కంట్లో వేసే చుక్కల మందూ ఉంది. పిల్లులకు వాడే మందులు వేరు. ఇంట్లో ఉప్పు పట్టిస్తే రక్తంలో సోడియం పెరిగి మెదడు దెబ్బతింటుంది, దానితోనే కుక్కలు చనిపోయిన సందర్భాలున్నాయి. గొంతులో వేలు పెడితే కరుస్తాయి తప్ప వాంతి కాదు. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను కొన్నిసార్లు వెట్ ఫోన్‌లోనే కొలత చెప్పి కుక్కలకు ఇమ్మంటారు. వాళ్లు చెప్పకుండా మీ అంతట మీరు ఇవ్వొద్దు. పిల్లులకు ఎవరు చెప్పినా ఇవ్వొద్దు, కడుపు లోపలి పొర పుండై రక్తం కారుతుంది. మగతగా ఉన్నవాటికి, మూతి చప్పిడిగా ఉండే జాతి కుక్కలకు వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ముప్పు ఎక్కువ.

నూనె పట్టిస్తే జారిపోతుందన్న నమ్మకమూ వదిలేయండి. బలవంతంగా పోసిన నూనె శ్వాసనాళంలోకి వెళ్తే న్యుమోనియా వస్తుంది. పేగు మూసుకుపోయి ఉన్నప్పుడు విరేచనాల మందు ఇస్తే చిల్లు పడొచ్చు. నొప్పికి మనుషుల మాత్రలు వేయకండి. పారాసెటమాల్ మాత్ర ఒక్కటే పిల్లి ప్రాణం తీయగలదు. ఐబుప్రొఫెన్ కుక్కల కడుపునీ కిడ్నీలనీ పాడుచేస్తుంది.

"ఇంట్లోనే చూస్తుండండి" అని వెట్ అంటే

చిన్నగా, నునుపుగా, విషం లేనిదైతే అలా అనడం మామూలే. ఒకటి నుంచి మూడు రోజుల్లో చాలావరకు మలంతో వచ్చేస్తుంది, కొన్నిసార్లు ఇంకొంచెం ఆలస్యం కావొచ్చు. కానీ "చూడటం" అంటే మనసులో గుర్తుపెట్టుకోవడం సరిపోదు. ఒక కాగితం పెట్టుకుని ఎప్పుడు తిన్నది, ఎంత తిన్నది, నీళ్లు, వాంతి, మలం రాయండి. ప్రతి మలాన్నీ గ్లవ్స్ వేసుకుని చిదిమి చూడాలి. కుక్కను పట్టీ లేకుండా బయట వదిలితే ఎక్కడో వెళ్లొస్తుంది, ఆ ఒక్కదానిలోనే వస్తువు పోయి ఉంటే మీకు తెలియదు. పిల్లులు ఒకటికి మించి ఉంటే మింగినదానికి వేరే మట్టి పెట్టె పెట్టండి.

చిగుళ్లు చూడటం నేర్చుకోండి. బాగున్నప్పుడు అవి గులాబీ రంగులో తడిగా ఉంటాయి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, 2 సెకన్లలోపు మళ్లీ రంగు రావాలి. పాలిపోయినా, ఎండి జిగటగా ఉన్నా, రంగు తిరిగి రావడానికి ఎక్కువ సేపు పట్టినా ఆగొద్దు. చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉండే జంతువైతే కింది కనురెప్ప లోపలి పొర చూడండి.

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా మళ్లీ ఫోన్ చేసి సలహా అడగడం కాదు, నేరుగా తీసుకెళ్లడమే:

- రెండోసారి వాంతి, లేదా తాగిన నీళ్లు కూడా నిలవకపోవడం
- ఇష్టమైన తిండి కూడా ముట్టకపోవడం
- ముందు కాళ్లు నేలకు ఆనించి, వెనక భాగం పైకెత్తి సాగిలపడ్డట్టు ఉండటం. ఇది కడుపునొప్పి
- ముక్కుతున్నా మలం రాకపోవడం, నల్లగా తారులా రావడం, రక్తం పడటం
- పొట్ట ఉబ్బడం, ముట్టుకుంటే మూలగడం, గుర్రుమనడం
- మూలకు వెళ్లి దాక్కోవడం, పిలిచినా పలకకపోవడం

పొట్ట ఉబ్బి, ఏమీ బయటికి రాకుండా ఊరికే డోకుతుంటే, ముఖ్యంగా ఛాతీ లోతుగా ఉండే పెద్ద కుక్కల్లో, అది కడుపు మెలిపడటం కావొచ్చు. వస్తువు సంగతి పక్కనపెట్టి పరిగెత్తాల్సిన పరిస్థితి అది.

ఇంకో రకం ఇబ్బంది ఉంది. పెద్ద వస్తువు కడుపులోనే ఉండిపోయి, ఎప్పుడైనా కడుపులోంచి పేగులోకి వెళ్లే ద్వారానికి అడ్డం పడితే వాంతి, జరిగితే మళ్లీ మామూలు. ఇలా వారాల తరబడి సాగుతుంది. అప్పుడప్పుడూ వాంతులు చేసుకుంటూ చిక్కిపోతున్న జంతువుకు అజీర్తి మందులు మారుస్తూ పోయే ముందు, ఇంట్లోంచి ఏదైనా మాయమైందేమో గుర్తుచేసుకోండి.

ఆసుపత్రిలో ఏం జరుగుతుంది

వెట్ నోరు తెరిచి, పిల్లయితే నాలుక కింద కూడా చూస్తారు, పొట్ట తడుముతారు. తర్వాత ఎక్స్-రే. లోహం, రాయి, ఎముక స్పష్టంగా కనబడతాయి. గుడ్డ, చెక్క, పల్చటి ప్లాస్టిక్, చాలా రకాల రబ్బరు కనబడవు. కాబట్టి "ఎక్స్-రేలో ఏమీ లేదు" అని వినగానే ఊపిరి పీల్చుకోకండి. వస్తువు కనబడకపోయినా దాని వెనక గాలి నిండి ఉబ్బిన పేగు కనబడుతుంది, వెట్ చూసేది దాన్నే. అనుమానం తీరకపోతే అల్ట్రాసౌండ్ చేస్తారు, లేదా కొన్ని గంటలాగి మళ్లీ ఎక్స్-రే తీసి పోలుస్తారు. కొన్నిసార్లు ఎక్స్-రేలో తెల్లగా కనబడే బేరియం అనే మందు తాగించి అది ఎక్కడ ఆగుతుందో చూస్తారు. చిల్లు పడిందన్న అనుమానముంటే మాత్రం బేరియం వాడరు. మింగింది నాణెమా బటన్ బ్యాటరీయా అన్నది కూడా ఎక్స్-రేలోనే తెలుస్తుంది, బ్యాటరీ అంచు రెండు వలయాలుగా కనిపిస్తుంది.

వస్తువు అన్నవాహికలోనో కడుపులోనో ఉంటే మత్తు ఇచ్చి, నోట్లోంచి కెమెరా గొట్టం పంపి తీయొచ్చు. దీన్నే ఎండోస్కోపీ అంటారు. కోత ఉండదు, చాలావరకు అదే రోజు ఇంటికి వస్తారు. అయితే ఆ గొట్టం చిన్నపేగు మొదటి భాగం దాకానే వెళ్తుంది. వస్తువు అది దాటిందంటే ఈ దారి మూసుకుపోయినట్టే. త్వరగా వెళ్లడం వల్ల దక్కే అసలు లాభం ఇక్కడే ఉంది. ఎండోస్కోపీ ప్రతి ఆసుపత్రిలో ఉండదు కాబట్టి ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

పేగులోకి దిగి ఇరుక్కుంటే ఆపరేషనే. ముందు సెలైన్ ఎక్కించి, వాంతులతో పోయిన నీరు, లవణాలు సరిచేస్తారు. పేగు రంగు బాగుంటే చిన్న కోత పెట్టి వస్తువు తీసి కుట్టేస్తారు. కొంత భాగం చచ్చిపోయి ఉంటే అది కోసేసి రెండు కొసలూ కలుపుతారు. సంతకం పెట్టే ముందు అడగండి: ఆపరేషన్ కాకుండా వేరే దారుందా? ఇంకో ఆరు గంటలు ఆగితే ఏమవుతుంది? లోపల అనుకున్నదానికన్నా ఎక్కువ దెబ్బతిని ఉంటే ఖర్చు ఎంతదాకా పెరగొచ్చు? రాత్రిపూట పక్కన మనిషి ఉంటారా? ఇవి అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇంటికి వచ్చాక

కుట్టిన పేగు కారిపోయే ప్రమాదం మొదటి 3 నుంచి 5 రోజుల్లో ఎక్కువ. కొంచెం కోలుకుని, తిండి మొదలుపెట్టి, ఉన్నట్టుండి మళ్లీ డల్ అయిపోతే, వాంతి, జ్వరం, పొట్టనొప్పి కనబడితే "నీరసంలే" అనుకోవద్దు. పొట్టలోకి మలినం కారితే గంటలు లెక్కే. కుట్లు నాకకుండా మెడకు గరాటులా పెట్టిన కోన్ చూసి జాలిపడి తీసేయకండి, ఒక్క రాత్రి నాకితే కుట్లు ఊడిపోతాయి. 10 నుంచి 14 రోజులు గంతులు, మెట్లు వద్దు, పట్టీతో నెమ్మదిగా నడిపించాలి. తిండి కొద్దికొద్దిగా ఎక్కువసార్లు, వెట్ చెప్పినదే. పిల్లి ఆసుపత్రి నుంచి వచ్చాక కూడా తినకపోతే రెండో రోజు దాకా ఆగొద్దు, తిండి లేకుండా రోజులు గడిస్తే వాటి కాలేయం కొవ్వు పట్టి పాడవుతుంది.

కుందేళ్లు, పక్షులు పెంచేవాళ్లకు

కుందేళ్లు, ఎలుకలు, గినీ పిగ్స్ వాంతి చేసుకోలేవు. పై విషయాల్లో వాంతికి సంబంధించినవేవీ వాటికి వర్తించవు. కుందేలు తినడం, మలం వేయడం ఆపిందంటే అదే అత్యవసరం, పూట కూడా ఆగకూడదు. పక్షులు సీసం, జింక్ ఉన్న చిన్న లోహపు ముక్కలు కొరికితే విషం ఎక్కుతుంది. తూలుతున్నా, రెట్ట రంగు మారినా ఎక్స్-రే తీయించాలి.

మళ్లీ మింగకుండా

ఒకసారి మింగిన జంతువు మళ్లీ మింగుతుంది, ఇందులో అనుమానం పెట్టుకోకండి. కుక్కపిల్లలు పళ్లు వచ్చే వయసులో అన్నీ కొరుకుతాయి, అది దాటిపోతుంది. పెద్ద కుక్కో పిల్లో మట్టి, గుడ్డ, రాళ్లు పట్టుబట్టి తింటుంటే మాత్రం రక్తహీనత, పేగు జబ్బులు ఉన్నాయేమో పరీక్ష చేయించాలి. సయామీజ్, బర్మీజ్ లాంటి పిల్లి జాతుల్లో ఉన్ని నమిలే అలవాటు ఎక్కువ, వాటి దగ్గర ఊలు వదలకండి.

బొమ్మ దాని నోట్లో పూర్తిగా పట్టేంత చిన్నదైతే అది బొమ్మగా పనికిరాదు. అంచులు ఊడిన వెంటనే పారేయండి. కుట్టుపని అయ్యాక సూదీ దారం మూత ఉన్న డబ్బాలోకే వెళ్లాలి, చెత్తబుట్టకూ గట్టి మూత ఉండాలి. అన్నిటికన్నా పనికొచ్చేది "వదులు" అనే మాట నేర్పించడం. నోట్లో ఏదైనా ఉన్నప్పుడు అరుస్తూ వెంటపడితే కుక్క లాక్కుంటారన్న భయంతో గబుక్కున మింగేస్తుంది. అలా కాకుండా ఇంకా రుచైనదేదో ముక్కు దగ్గర చూపించండి. వదిలిన వెంటనే అది ఇవ్వండి, వీలైతే దాని వస్తువు కూడా తిరిగి ఇచ్చేయండి. మామూలు రోజుల్లో దాని సొంత బొమ్మలతోనే రోజూ కాసేపు ఇది ఆడిస్తూ ఉంటే, నిజంగా బ్యాటరీ నోట పట్టిన రోజున కూడా పిలవగానే వచ్చి మీ చేతిలో వదులుతుంది.